చక్రాల ఇంటికి నైరుతి మూల

మా ముత్తాత గారు పొలానికి గుర్రం మీద వెళ్ళేవారట. వెనకాల ఒక మనిషి ఆయనకు గొడుగు పట్టి పరిగెత్తేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో తగవు తీరాలన్నా, పెళ్ళి ఖాయం కావాలన్నా ఆయన అరుగు మీద కూర్చుని ఊఁ అనాలి. మా తాత గారు పొలానికి నడిచి వెళ్ళేవారు; గొడుగు ఆయనే పట్టుకునేవారు. మా నాన్న గారి నాటికి పొలం లేదు, గొడుగు మాత్రం మిగిలింది. అందుకని ఆయన పోస్టాఫీసుకు వెళ్ళినా, ఎండావానా ఏమీ లేకపోయినా, గొడుగు విప్పుకునే వెళ్ళేవారు. ఆ వంశానికి వారసుణ్ణి నేను. నార్త్ కరోలినాలో క్యారీ అనే ఊళ్ళో, కార్లే తప్ప మనుషులు కనపడని నున్నటి రోడ్ల మధ్య, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం చేసేవాణ్ణి. ఆ రోజుల్లో నాకింకా ముప్ఫై నిండలేదు, కానీ వెన్నెముక మాత్రం మా ముత్తాత గారిదే. కుర్చీకి ఆనుకుని కూర్చోవడం మా ఇంట్లో తప్పు. (ఆఫీసు మీటింగుల్లో నా అంత నిటారుగా కూర్చునేవాడు లేడని మా మేనేజరు కూడా ఒప్పుకున్నాడు. ప్రమోషన్ మాత్రం జారగిలబడి కూర్చునేవాడికి ఇచ్చాడు.)

నాన్న గారి గొడుగు కాక వంశం నుంచి నాకు దక్కింది ఒక భోషాణం. టేకుతో చేసింది. మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగలిగినంత పొడుగు, నడుమంత ఎత్తు, మూలలకు ఇత్తడి రేకులు, అడుగున నాలుగు ఇనప చక్రాలు. ఒకప్పుడు దాని నిండా ధాన్యమూ వెండీ ఉండేవని చెబుతారు. నేను పుట్టాక అందులో ఉన్నది కలరా ఉండల వాసన ఒక్కటే. ఊళ్ళో పాత ఇల్లు రోడ్డు వెడల్పులో పోయినప్పుడు మా బాబాయి దాన్ని నాకు అప్పగిస్తూ, "ఒరే అబ్బాయ్, ఇది ఎప్పుడూ ఒక కప్పు కింద ఉండాలి. నైరుతి మూలనే ఉండాలి. నైరుతిలో బరువుంటే ఇల్లు కదలదు" అన్నాడు. మాటిచ్చాను. సముద్రాలు దాటి, రేవులో పురుగుల మందు పొగ పెట్టించుకుని, నా వీసా ఇంటర్వ్యూ కంటే మర్యాదగా తనిఖీ చేయించుకుని అది అమెరికా చేరింది. నేను అద్దెకున్న ఒంటి పడకగది అపార్ట్‌మెంట్‌లో నైరుతి మూలకు ఆ పడకగదే వచ్చింది. భోషాణం లోపలికి వెళ్ళింది, మంచం హాల్లోకి వచ్చింది.

మా ఆవిడది కరీంనగర్ వైపు. మందుల కంపెనీలో ఇంజినీరు. ఏ యంత్రం ఎక్కడ వణుకుతున్నదో చేత్తో ముట్టుకుని చెప్పగలదు. కాపురానికి వచ్చిన మొదటి రోజు ఇల్లంతా చూసి, "మంచం హాల్ల, పెట్టె బెడ్రూంల. ఈ ఇంట్ల అతిథి ఎవరు, పెట్టెనా మనమా?" అని అడిగింది. నేను మా వంశ చరిత్ర మొదలుపెట్టాను. అది పూర్తయ్యేలోపల ఆమె నిద్రపోయింది.

ఇక అద్దె సంగతి. ఏటా లీజు ముగిసే ముందు అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి ఒక ఈమెయిల్ వచ్చేది. పైన నవ్వుతున్న సూర్యుడి బొమ్మ, కింద "మీరు మా కుటుంబంలో ఒకరు" అనే మాట, ఇంకా కిందికి వెళితే కొత్త అద్దె. ఏ ఏటికి ఆ యేడు ఆ సూర్యుడి నవ్వు పెద్దదయ్యేది. పైగా చెత్తసంచి గుమ్మం ముందు పెడితే వచ్చి తీసుకెళ్ళే సేవ ఒకటి పెట్టి, అక్కర్లేదన్నా దానికి రుసుము వేశారు. (మా ముత్తాత గారు కోరుకుని నౌకర్లను పెట్టుకున్నారు. నాకు నౌకరును బలవంతంగా అంటగట్టారు. వంశంలో ఇదొక అభివృద్ధి.) ఇల్లు కొందామా అంటే, మేము చూడడానికి వెళ్ళి కారు పార్క్ చేసేలోపలే అది అమ్ముడైపోయేది. ఒకసారి ఇంటివాళ్ళకు నచ్చజెబుదామని మా వంశం ఎటువంటిదో వివరంగా చెప్పాను. ఆ ఇల్లాలు శ్రద్ధగా విని, కళ్ళు తుడుచుకుని, మొత్తం సొమ్ము ఒకేసారి ఇస్తానన్న ఇంకొకాయనకు అమ్మేసింది.

ఆ ఏడాది సూర్యుడు పళ్ళన్నీ కనపడేట్టు నవ్వాడు. మా ఆవిడ ల్యాప్‌టాప్ మూసేసి, "ఆర్వీ కొందాం" అంది.

"అంటే?"

"చక్రాల మీద ఇల్లు. ట్రక్కుకు తగిలించుకుని పోవుడే. ఊరి బయట పార్క్ చేసుకుని ఉందాం. నేను వీడియోలు మస్తు చూసిన. ఇద్దరం వారంల రెండు రోజులే కద ఆఫీస్‌కి పోయేది."

"మా వంశంలో ఎవరూ బండిలో కాపురం చేయలేదు."

"మీ వంశంల ఎవరూ రెంట్ కూడా కట్టలే. నువ్వు కడ్తలేవా?"

ఒక్క షరతు పెట్టాను: భోషాణం వస్తుంది, నైరుతిలో ఉంటుంది. ఆమె సరేనంది. అందుకోసం వెనక గోడ మొత్తం తలుపులా కిందికి వాలే రకం ట్రైలరు వెతికి పట్టుకున్నాం. మోటార్ సైకిళ్ళు తోసుకుంటూ ఎక్కించే వాళ్ళ కోసం చేస్తారట. మాకు మోటార్ సైకిలు లేదు. మూడు తరాల గౌరవం ఉంది. దాన్ని లాగడానికి పాత పికప్ ట్రక్ ఒకటి కొన్నాం. వీసా లాయరు ఆఫీసుకు మరీ దూరం పోవద్దన్నాడు కాబట్టి, క్యారీ నుంచి గంట లోపు ప్రయాణంలో, సోయా పొలాల మధ్య ఒక వాగు ఒడ్డున ఉన్న ఆర్వీ పార్కులో స్థలం తీసుకున్నాం.

ఆ పార్కు నడిపేది డెబ్భై దాటిన ఒక అమెరికన్ ఆవిడ. రబ్బరు బూట్లు, చేతిలో ఎప్పుడూ కోళ్ళ మేత బకెట్టు. తనూ అక్కడే ఒక పాత ట్రైలర్లో ఉండేది. పార్కుకు దారితీసే రోడ్డుకు ఆవిడ ఇంటిపేరే ఉంది. ఒకప్పుడు కనుచూపు మేర భూమంతా వాళ్ళదేనట. అది తెలిసిన రోజే మా ఆవిడ ఆమెకు దొరసాని అని పేరు పెట్టింది. నేను దొరసాని దగ్గర దిక్సూచి పట్టుకుని నిలబడి, ట్రైలరు ముక్కు ఈశాన్యానికీ, వెనక భాగం నైరుతికీ వచ్చే స్థలం కావాలన్నాను. ఆవిడ ఎంతోమందికి స్థలాలు ఇచ్చింది గానీ, నీడ అడగకుండా, నీళ్ళ పంపు అడగకుండా, ముక్కు ఎటుందో అడిగినవాణ్ణి నన్నొక్కణ్ణే చూసిందట. ఖాళీ ట్రైలరును అమ్మినవాళ్ళే తెచ్చి, నేను చూపిన దిక్కుకు నిలబెట్టి వెళ్ళారు. భోషాణం అద్దె లారీలో వేరుగా వచ్చి, వాలు తలుపు మీదుగా ఎక్కి, నైరుతిలో కూర్చుంది. (ట్రైలరు కొద్దిగా వెనక్కి ఒరిగి మూలిగింది. అది వినయం అనుకున్నాను.)

ఆ సాయంత్రం బాబాయి వీడియో కాల్ చేశాడు.

"ఏవిరా, కొత్తింట్లోకి దిగారా?"

"దిగాం బాబాయ్. ఊరి బయట. చుట్టూ పొలాలే." కెమెరాను కిటికీలోంచి బయటికి తిప్పాను.

"ఓహో, ఫామ్‌హౌసా! మన రక్తం ఎక్కడికి పోతుంది. ఎన్ని గదులు?"

"అవసరమైనన్ని ఉన్నాయి బాబాయ్."

"భోషాణం?"

"నైరుతిలో."

"శభాష్. ఇక ఇల్లు కదలదు."

మా ఆవిడ స్టవ్ దగ్గర నోటికి చీరకొంగు అడ్డం పెట్టుకుంది. నేను అబద్ధం ఒక్కటీ ఆడలేదని తర్వాత ఆమెకు వివరించాను. "అవును, నిజాలే చెప్పినవ్. ఇరుకు ఇరుకుగ చెప్పినవ్" అంది.

ఆదివారం పాలు పొంగించాం. క్యారీ నుంచి వచ్చిన అతిథులలో ముఖ్యుడు ఈక్విటీ అన్నయ్య. అసలు పేరు అందరం మరిచిపోయాం. ఎక్కడ కనపడినా "రెంట్ కట్టడం అంటే ఇంకొకడి మార్ట్‌గేజ్ నువ్వు కట్టడమే బ్రో, మన ఈక్విటీ మనం బిల్డ్ చేసుకోవాలి" అనేవాడు. ఆయన ట్రైలరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టైర్లు కాలితో తట్టి, "ఇది డిప్రిషియేట్ అవుద్ది బ్రో, వేల్యూ పడిపోద్ది. సరే, స్కూల్ రేటింగ్ ఎంత ఇక్కడ?" అని అడిగాడు.

"మాకు పిల్లల్లేరు అన్నయ్యా."

"రీసేల్‌కి చూసుకోవాలి కదా. హెచ్‌ఓఏ, అదే కాలనీ సంఘం ఫీజు, ఎంత?"

"లేదు."

"లేదా? మరి గడ్డి పెరిగితే?"

"పెరుగుతుంది."

"ఎవడూ నోటీసు పంపడా? గరాజ్ డోరు రంగు నీ ఇష్టమా?" ఆయన వంగి ఆ గడ్డిని చేత్తో నిమిరాడు. ఇంటి అప్పు ఇంకా పాతికేళ్ళు ఉన్న మనిషి మొహంలో అసూయ లాంటిది చూడడం నాకదే మొదటిసారి.

లోపల అందరం ఒకరి భుజాల మీద ఒకరం నిలబడ్డట్టు నిలబడ్డాం. మా ఆవిడ గిన్నె పెట్టింది. పాలు ఈశాన్యానికి పొంగితే శుభం. పాలు పొంగాయి; పొంగి, స్టవ్ మీంచి దిగి, నేల మీద ఒక గీతలా సాగి, అతిథుల పాదాల మధ్య నుంచి నేరుగా నైరుతికి నడిచి, భోషాణం కింద ఆగాయి. గ్యాస్ అలారం కీచుమని అరిచింది. ఎవరో మంగళహారతి పాట ఎత్తుకోబోయి ఆపేశారు.

"పాలు వెనక్కి పోయినయ్" అంది మా ఆవిడ. ఆమె పాలను చూడడం లేదు, నేల వంక చూస్తోంది. "వెనుక బరువెక్కువైంది. ఇంజినీరు లెక్కన చెప్తున్న, ఈ బండి కదిలితే ఊగుతది."

"కదలదు. నైరుతిలో బరువుంటే కదలదు" అన్నాను. అతిథుల ముందు మా బాబాయి మాటను కాదనలేను.

శరత్కాలం దాకా నిజంగానే కదలలేదు. తర్వాత ఎక్కడో తీరం దాటిన తుఫాను తోక మా వైపు తిరిగింది. ఒక ఉదయం దొరసాని తలుపు కొట్టి, "వాగు పొంగుతుంది. అందరూ బళ్ళు కట్టుకుని చర్చి దగ్గరి మిట్ట మీదికి పదండి. మధ్యాహ్నంలోపల ఖాళీ చేయాలి" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు గొట్టాలు పీకి, కుర్చీలు మడిచి, కాఫీ తాగినంత తేలిగ్గా ఇళ్ళు కట్టుకుని బయల్దేరారు. మా ఆవిడ పికప్ వెనక్కి తెచ్చి ట్రైలరు తగిలించి, దిగి చూసింది. ట్రైలరు ముక్కు, ఎవరినో ధిక్కరిస్తున్నట్టు, పైకి లేచి ఉంది. అచ్చం మా ముత్తాత గారి ఫొటోలో లాగే.

"పెట్టె దించేద్దాం. వాన తగ్గినంక వచ్చి తీసుకుందాం" అంది.

"వాగు ఒడ్డునా? కప్పు లేకుండానా?"

ఆమె ఎక్కి నడిపింది. దొరసాని ఇంటిపేరున్న రోడ్డు మీద కాస్త వేగం అందుకోగానే, వెనక నుంచి ఎవరో మా పికప్‌ను చెవి పట్టుకుని అటూ ఇటూ లాగుతున్నట్టు అనిపించింది. అద్దంలో మా ఇల్లు ఒకసారి ఎడమ పక్కన కనపడింది, ఒకసారి కుడి పక్కన కనపడింది. మా ఆవిడ పళ్ళు బిగించి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, బండిని మెల్లగా రోడ్డు వారకు తెచ్చి ఆపింది. వైపర్లు కొట్టుకుంటున్నాయి. ఆమె స్టీరింగ్ వదలకుండానే నా వైపు తిరిగింది.

"ఇల్లు కదలదంటివి" అంది. "ఇప్పుడు చెప్పు, మనం ఎటు దిక్కు పోతున్నం?"

ఫోన్లో దిక్సూచి తెరిచాను. "వాయవ్యం."

"అయితే నీ పెట్టె ఎక్కడుంది?"

చూశాను. "ఆగ్నేయం."

"రోడ్డు మలిగినప్పుడల్లా నీ నైరుతి మల్గుతది, జమీందారు గారూ. దాని ఎనక ఉరుకుడు నాతోని కాదు. నేనన్న ముందుకు పోవాలె, పెట్టె అన్న నైరుతిల ఉండాలె. రెండు కావు. చెప్పు."

ఆమె గారూ అన్నదంటే విషయం చాలా దూరం వెళ్ళిందని అర్థం. ట్రైలర్ ముందు భాగంలో వంటగదీ, పడకా. భోషాణం అటు పట్టదు. దిగి, వెనక తలుపు వాల్చి, కట్టిన పట్టీలు విప్పాను. తోయవలసిన పని కూడా లేకపోయింది. ఇనప చక్రాలు కిర్రుమన్నాయి, భోషాణం తనంత తాను వాలు దిగి, గడ్డిలోకి వెళ్ళి, రోడ్డుకు ఎదురుగా ఆగింది. కిందికి దిగడానికి మా వాళ్ళకు ఎప్పుడూ ఎవరి సాయమూ అవసరం కాలేదు.

"మీ ముత్తాతకు ముందే ఎరుకైంది చూడు, చక్రాలు పెట్టిచ్చిండు" అంది మా ఆవిడ. కోపం సగం దిగింది. "ఎక్కు, పోదాం."

"నువ్వు వెళ్ళు. నేను ఇక్కడ ఉంటాను."

"వానల?"

"కప్పు కింద ఉంచుతానని మాటిచ్చాను. కప్పు లేనప్పుడు కనీసం మనిషైనా ఉండాలి."

ఆమె నన్నూ, భోషాణాన్నీ, ఆకాశాన్నీ చూసింది. సీటు వెనక నుంచి మా నాన్న గారి గొడుగు తీసి నా చేతిలో పెట్టి, ట్రైలరు మిట్ట మీద పెట్టి వస్తానని వెళ్ళింది. ఈసారి ట్రైలరు ఊగలేదు. గీత గీసినట్టు వెళ్ళింది. (అది చూసి నాకు కలిగిన బాధ ఇప్పటికీ వివరించలేను.)

నేను భోషాణం మీద కూర్చున్నాను. నిటారుగా. ఆనుకోవడానికి ఎలాగూ ఏమీ లేదు. అమెరికాలో రోడ్డు పక్కన పెట్టిన వస్తువు కావలసినవాడు ఊరికే పట్టుకుపోవచ్చనే ఆచారం ఒకటుంది. అది నాకు అంతవరకు గుర్తు రాలేదు. మొదటి ట్రక్ ఆగింది. అద్దం దించి ఒకాయన, "ఫ్రీయేనా?" అని అడిగాడు. కాదన్నాను. రెండో బండిలో దంపతులు దిగి, ఇత్తడి రేకులు తడిమి, "నువ్వు లేస్తే దీన్ని మేం తీసుకెళతాం" అన్నారు. లేవనన్నాను. ఇంకొకతను నన్ను బాగా పరికించి చూసి, భోషాణం సంగతి ఎత్తకుండా, రాత్రికి ఉండడానికి చోటుందా అని అడిగి, ఒక బిస్కెట్ల ప్యాకెట్ ఇచ్చాడు. చరిత్రలో మా వంశస్థులు దారిన పోయే వాళ్ళకు అన్నం పెట్టారు. ఆ బిస్కెట్లు నేను తిన్నాను. ఆకలేసింది.

వాన పెద్దదైంది, గాలి లేచింది. నాన్న గారి గొడుగు ఒక్కసారి వెనక్కి తిరగబడి, కర్ర నా చేతిలో వదిలి, బట్ట సోయా పొలంలోకి వెళ్ళిపోయింది. అప్పుడు దొరసాని తన ట్రక్ ఆపి దిగింది. ఒక పెద్ద నల్ల గొడుగు విప్పి, ఏమీ అడగకుండా నా పక్కన నిలబడి, నా మీద పట్టింది.

"ఇందులో ఏముంది?" అంది కాసేపటికి.

"ఏమీ లేదు."

"మరి ఎందుకు కాపలా?"

చెప్పాను. గుర్రం, గొడుగు, ధాన్యం, బాబాయి, కప్పు, నైరుతి. దొరసాని మధ్యలో ఆపలేదు. అయ్యాక రోడ్డు చివరనున్న పేరు బోర్డు వైపు గడ్డంతో చూపించి, "అది మా తాత పేరు. జనం దాని మీద నుంచి సరుకులకు వెళ్తారు. నేనూ వెళ్తాను. రోడ్డు బాగుంటే చాలు నాకు" అంది. తర్వాత వంగి భోషాణం మూత వేలితో తట్టి చూసింది. "గట్టి చెక్క. ఎలుకలు కొరకలేవు. కోళ్ళ మేతకు ఇలాంటిదే వెతుకుతున్నాను. నాకు అమ్ముతావా?"

"మా వంశంలో ఇలాంటివి అమ్మం" అన్నాను అలవాటుగా. అని, పొలం ఏమైందో, వెండి ఏమైందో గుర్తొచ్చి, "ఊరికే తీసుకోండి" అన్నాను.

"మా వంశంలో ఊరికే తీసుకోం" అంది దొరసాని, నాకంటే నిటారుగా నిలబడి.

మా ఆవిడ పికప్‌లో తిరిగి వచ్చేసరికి, జోరువానలో ఇద్దరు వారసులు ఒకే గొడుగు కింద, ఇస్తాను పుచ్చుకో అని ఒకరు, పుచ్చుకోను అమ్ము అని ఇంకొకరు వాదించుకుంటున్నారట. ఆమె దిగను కూడా దిగకుండా, "ఆయన అమ్ముతడు, మీరు కొనుక్కోండి. ఇద్దరూ ట్రక్ ఎక్కండి ఫస్ట్" అని ఇంగ్లీషులో తీర్పు చెప్పింది. ముత్తాత గారి తర్వాత మా ఇంట్లో అంత నిక్కచ్చిగా తీర్పు చెప్పినవాళ్ళు లేరు.

వాన వెలిసి, భోషాణం దొరసాని దగ్గరికి చేరాక బాబాయికి ఫోన్ చేశాను. వీడియో పెట్టలేదు. ట్రైలరు సంగతీ, రోడ్డు సంగతీ, బేరం సంగతీ ఇరుకు లేకుండా చెప్పాను.

"దాని మీద కప్పుందా?" అన్నాడు బాబాయి.

"ఉంది బాబాయ్. రేకుల షెడ్డు."

"లోపల ఏం పోశారు?"

"గింజలు."

"నిండానా?"

"మూత పడనంత నిండా."

"నా చిన్నప్పుడు కూడా నేనది నిండగా చూడలేదురా" అన్నాడు. అని, ఇంకేదో అనబోయి, "ఏ మూల పెట్టిందిరా ఆవిడ?" అన్నాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే నేను దిక్సూచి తెరిచి చూడలేదు.

ఇప్పటికీ ఎప్పుడైనా ఆ రోడ్డున వెళితే, గడ్డిలో పెట్టె మీద వెన్ను వంచకుండా కూర్చుని, ఎవరో ఇచ్చిన బిస్కెట్లు తింటూ, ఇది ఫ్రీ కాదండీ అని వచ్చేపోయే బళ్ళకు చెబుతున్న ఆ కుర్రాడు నాకు కనపడతాడు. ఆగి పక్కన కూర్చోవాలనిపిస్తుంది. వాడు జరగడేమోనని ఆగను. ముత్తాత గారి తర్వాత ఇంకొకరు గొడుగు పట్టగా కూర్చున్నది మా వంశంలో వాడొక్కడే, ఆ సంగతి వాడికి అప్పుడు తట్టలేదు.

భోషాణం దొరసానికి అమ్మేశాం, చక్రాలతో సహా.